ముందు వరసలో ఖాళీ కుర్చీ

ముందు వరసలో నడిమి కుర్చీ మీద సీతారామారావు టిష్యూ ప్యాకెట్ పెట్టి 'చోప్' చేశాడు, అంటే ముందే పట్టి ఉంచాడు. సింగపూర్‌లో అలా పెట్టిన కుర్చీ జోలికి ఎవరూ పోరు. అది శ్రీవత్స గారి కుర్చీ.

శ్రీవత్స గారిని సీతారామారావు ఎన్నడూ చూడలేదు. ఇంటర్నెట్‌లో ఆయన రాసిన పేజీ చదివాడు, అంతే. ఎనిమిది వందల ఏళ్ల కిందట బిందుమాధవ గణకుడని ఒక తెలుగు పండితుడు ఉండేవాడట. ప్రపంచంలోని లెక్కలన్నీ సున్నాలూ ఒకట్లతోనే చేసేవాడట. తనకు నూరు ఏనుగులున్నాయని రాజు గొప్పలు పోతుంటే, తొంభై ఆరేనని నిజం చెప్పి సభలోంచి గెంటించుకున్నాడట.

సున్నాలూ ఒకట్లూ! అంటే కంప్యూటరు మనదే!

అది రెండు వేల సంవత్సరం. జురాంగ్ ఈస్ట్ తెలుగువాళ్లలో ముగ్గురుంటే ఇద్దరు ప్రోగ్రామర్లు. ఆ పేజీ చదివి అందరి ఛాతీలూ రెండేసి అంగుళాలు పెరిగాయి. పై ఆదివారం సంఘం ఎన్నికలు. పోటీకి పెద్దిరాజు దిగాడు. ఈ గణకుడి సభ ఒక్కటి గట్టెక్కితే సీతారామారావే మళ్లీ అధ్యక్షుడు. నవ్వులపాలైతే మాత్రం కుర్చీ పెద్దిరాజుదే.

గణకుడి పటం ఎక్కడా దొరకలేదు. సీతారామారావు తన తాతగారి ఫొటోకు తలపాగా పెట్టించి పెద్దది చేయించాడు.

భార్య లలితకుమారి గుర్తుపట్టేసింది. "తాతయ్యగారు మూడో తరగతి లెక్కల్లో తప్పారని మీరే అన్నారు కదండీ?"

"ష్! ముందు దండ వెయ్యి."

సన్మానానికి రమ్మని మెయిల్ పంపితే శ్రీవత్స గారు రెండు ముక్కల్లో జవాబిచ్చారు. "వస్తాను. శాలువా కప్పకముందు మీకొక విషయం చెప్పాలి." ఎంత వినయం! పేరును బట్టి సీతారామారావు ఆయన గోత్రం కూడా ఊహించేశాడు.

సభకు ఇంకా అయిదు నిమిషాలుంది. చూస్తే ఆ కుర్చీలో ఎవరో సన్నపాటి మనిషి కూర్చుని ఉన్నాడు. టిష్యూ ప్యాకెట్ ఒళ్లో పెట్టుకున్నాడు.

"లేవండి, లేవండి! అది అతిథిగారిది."

"సార్, నా పేరు ఫసియుద్దీన్. టాంపినీస్ నుంచి వచ్చిన. ఒక్క నిమిషం మాట్లాడాలె."

పేరు వినగానే సీతారామారావుకు సంగతంతా బోధపడిపోయింది.

"సభయ్యాక మాట్లాడదాం."

"అయినంక చెప్తే ఏం లాభం సార్? ఆ గణకుడు లేనే లేడు. తమాషాకి రాసిన కథ అది."

"చూడండీ, మీ అరబ్బు పండితుల్ని మేమెప్పుడైనా కాదన్నామా? మావాణ్ణి లేడంటారేమిటి?"

"అరబ్బులతోని నాకేం పని సార్? నేను పాలమూరోణ్ణి."

"రుజువుందా?"

"ఉంది సార్. అదే చెప్పనీకి వచ్చిన..."

"ఇదిగో, నా రుజువు!" లామినేషన్ చేయించిన పద్నాలుగు పేజీల ప్రింటవుట్‌ను సీతారామారావు అతని ముక్కు ముందు ఆడించాడు.

"పాపం, ఏదో చెప్పుకుంటానంటున్నాడు. వినరాదూ?" అంది లలితకుమారి.

"నువ్వూరుకో. పెద్దిరాజు పంపిన మనిషి ఇతను."

ఫసియుద్దీన్‌ను తలుపు పక్కన, ఆఖరి వరసలో కూర్చోబెట్టారు.

సభ మొదలైంది. సీతారామారావు ఉపన్యాసం అదిరిపోయింది. రాజుగారి ఘట్టం దగ్గరికొచ్చేసరికి ఆయన మైకును రెండు చేతులా పట్టుకున్నాడు. "నిజం చెప్పిన పాపానికి ఒక పండితుణ్ణి గెంటేశారు! ఆ సభను తలుచుకుంటే ఇవాళ్టికీ సిగ్గుతో నా తల వంగిపోతోంది!"

హాలంతా చప్పట్లు. పెద్దిరాజుకు కూడా కొట్టక తప్పలేదు. ఆ చప్పట్లు ఆగీ ఆగకముందే ఆఖరి వరసలో ఒక చెయ్యి లేచింది.

"సార్, ఇప్పుడన్నా చెప్పనియ్యుండ్రి..."

"వాలంటీర్లూ! ఆయన్ని బయటికి తీసుకెళ్లండి. మర్యాదగానే సుమా! తినడానికి మకాన్ పొట్లం ఒకటి చేతిలో పెట్టి మరీ పంపండి."

ఇద్దరు కుర్రాళ్లు అటు కదిలారు. సీతారామారావు శాలువా మడత విప్పాడు. ముందు వరసలో కుర్చీ ఇంకా ఖాళీగానే ఉంది. మూడు వందల మంది దానికేసే చూస్తున్నారు. పెద్దిరాజు మీసం చాటున నవ్వుతున్నాడు.

సీతారామారావు తొణకలేదు. మెయిల్ అడుగున శ్రీవత్స గారి నంబరుంది.

"మహానుభావులు కదా, పిలవందే రారు. ఇప్పుడే, మీ అందరి ఎదుటే పిలుస్తాను!"

హ్యాండ్‌ఫోన్ తీసి మైకుకు ఆనించి నంబరు నొక్కాడు.

తలుపు దగ్గర, చెరో రెక్కా ఇద్దరు వాలంటీర్ల చేతుల్లో ఉండగా, మకాన్ పొట్లం పట్టుకుని నిలబడ్డ ఫసియుద్దీన్ చొక్కా జేబులో ఫోను గణగణ మోగింది.