తలకోన దోవ

"ఇంక నావల్ల కాదమ్మా. నువ్వు పో, నేను ఈడనే ఉండిపోతా" అన్నాడు మునిరామయ్య, రెండు చేతులతో బండను కరుచుకుని.

ఎడమ పక్క నిలువు కొండ. కుడి పక్క ఏమీ లేదు. మూరెడు వెడల్పు రాతి అంచు మీద ఆయన నిలబడి ఉన్నాడు. చిత్తూరులో పదిహేనేళ్ళుగా పిల్లలకు కొండలూ జలపాతాలూ గీయడం నేర్పుతున్న డ్రాయింగు మాస్టరు ఆయన. నిజమైన కొండ అంచున నిలబడటం మాత్రం ఇదే మొదలు.

ముందు పోతున్న నాగులమ్మ ఆగి వెనక్కి తిరిగింది. యాభై దాటిన మనిషి. నెత్తిన సద్దిమూట కదలలేదు, మొహంలో బెదురు లేదు.

"కిందికి సూడాకండి అయివోరా. బండను సూసుకుంటా మెల్లిగా పక్కకు జరగండి."

"జారితే?"

"జారరు. ఈ కట్టె పట్టుకోండి."

చేతికర్ర కొస ఆయన వైపు చాచింది. మునిరామయ్య దాన్ని పట్టుకుని, కళ్ళు బండ మీదే నిలిపి, ఒక్కొక్క అడుగే జరిపాడు. పదకొండు అడుగులు. పన్నెండోది మన్ను మీద పడగానే అక్కడే కూలబడ్డాడు.

నాగులమ్మ మూట విప్పి ఇంత రాగిముద్ద, ఎర్రగడ్డ ఆయన చేతిలో పెట్టింది. "తినండి. కాళ్ళకు బలమొస్తాది."

తింటూ ఆమెనే చూశాడు మునిరామయ్య. నెరబైలులో ఆయన బస చేసిన ఇంటాయన నిన్న సాయంత్రమే చెప్పాడు: "వాగుకాడ దోవ తెలిసిన మనిషి కాచుకోనుంటారు, వాళ్ళెంట పోండి" అని. పొద్దున్నే వాగు దగ్గరికి పోతే ఈమె ఒక్కతే బండ మీద కూర్చుని ఉంది. "తలకోనకేనా?" అంటే, "అవునయ్యా, మీ కోసమే కాచుకోనుండా" అంది. ఆడమనిషిని తోడు పంపారేమిటా అని మొదట్లో మనసులో నొచ్చుకున్నాడు. అలా నొచ్చుకున్నందుకు ఇప్పుడు సిగ్గేసింది.

ఈ అంచు దాకా వచ్చే దోవలో, ఏనుగు తొండాల్లాంటి తీగలు అడ్డం పడ్డ చోట వంగి దూరడానికి ఎటు వీలుందో ఆమె ఇట్టే పట్టేసింది. ఎలుగ్గొడ్డు గోళ్ళు గీరిన మద్దిచెట్టు కనబడితే, "పాత గీతలేలే, బంక కారి ఎండిపొయ్యుండాది" అని ధైర్యం చెప్పింది. దోవ మూడుగా చీలిన చోట మాత్రం కాసేపు ఆగింది. కళ్ళు మూసుకుంది. ఎక్కడో దూరంగా నీళ్ళు పడుతున్న సద్దు, అదీ గాలి ఇటు వీచినప్పుడు మాత్రమే. "ఈ పక్కన" అని, దోవే లేని పొదల్లోకి దారి తీసింది. ఈ అడవి ఈమెకు ఇంటి వాకిలి లాంటిది, ఇలాంటి వాళ్ళ ముందు మన చదువులెంత అనుకున్నాడాయన.

"లేస్తారా అయివోరా? సద్దు దగ్గిరికొచ్చేసినట్టుండాది."

చివరి బండ ఎక్కగానే ఇద్దరూ ఉన్నచోటే ఆగిపోయారు.

ఎదురుగా కొండ నెత్తి నుంచి నీళ్ళు. అంత ఎత్తు నుంచి దూకి, సగం దారిలో పొగలా విడిపోయి, ఆ పొగలో ఎండ పడి రంగులు లేచి, అడుగున నల్లటి గుండంలో కలుస్తున్నాయి. వెనక్కి తిరిగితే లోయంతా అడవి. దాని అవతల మైదానంలో చెరువులు అద్దం పెంకుల్లా మెరుస్తున్నాయి. తుంపర మొహాన కొడుతుంటే మునిరామయ్య తుడుచుకోలేదు. పదిహేనేళ్ళుగా నల్లబల్ల మీద తాను గీసిన జలపాతాలన్నీ వట్టి సున్నపు గీతలనిపించింది.

నాగులమ్మ రెండు చేతులూ జోడించి నిలబడి ఉంది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. ఎన్నిసార్లు చూసినా ఇంత భక్తి ఈమెకే చెల్లింది అనుకున్నాడు.

యుద్ధం వచ్చినప్పటి నుంచి మందపు కాగితం దొరకడం లేదు. బీరువాలో మిగిలిన ఒకే ఒక్క తావును గుడ్డలో చుట్టి తెచ్చుకున్నాడు మునిరామయ్య. దాన్ని బండ మీద పరిచి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టి, పెన్సిలు తీశాడు. జలపాతం గీయాలనే వచ్చాడు. కానీ చెయ్యి ముందు ఆమెనే గీసింది. జోడించిన చేతులు, చెదిరిన నెరిసిన జుట్టు, మన్ను కొట్టుకుపోయిన పాదాలు. నీళ్ళు ఆమె వెనక తర్వాత వచ్చాయి. ఇంత బాగా తాను ఎప్పుడూ గీయలేదని ఆయనకే తెలిసింది.

అడుగున పేరు రాసి, కాగితం ఆమెకు చూపించాడు.

"నేనేనా ఇది?" వంగి చూసింది నాగులమ్మ. "అడుగున ఏం రాసినారు?"

"'తలకోనకు దోవ చూపిన నాగులమ్మ' అని. దీన్ని అద్దం కట్టించి మా బడిలో పెడతా. నీ మాదిరి కొండ తెలిసిన మనిషి దొరకబట్టి గానీ, లేకుంటే నేను ఆ అంచు కాడనే ఆగిపోయేవాణ్ణి."

ఆమె బొమ్మ వంక, ఆయన వంక మార్చి మార్చి చూసింది. ఆమె మొహంలో మొట్టమొదటిసారి బెదురు కనిపించింది.

"అదేంది అయివోరా అట్ట రాసినారు? మాది ఐరాల పక్క, ఈ కొండకు రావడం నాకూ ఇదే మొదలు. నిన్న మా చెల్లెలింటికి వస్తే, దోవ తెలిసినాయన వస్తాడు పో అని వాగుకాడ కూర్చోబెట్టింది. మీరేమో ముందు నడువమ్మా అంటిరి, తప్పితే వెనకనించి మీరే చెప్తారులే అని నడిచినా."