ఆగనివాడు

"పైన నీలం క్యాబిన్ లారీ ఏదైనా కనిపించిందా మరిదీ?"

టీ గిన్నె చేతికిస్తూ అడిగింది బురుల్చా. 'ఒంటె కనుమ' అనే కొండదారి దిగి తన టీ కొట్టు ముందు ఆగిన ప్రతి డ్రైవర్నీ ఆవిడ అదే అడుగుతోంది. పొద్దున్నే ఆ లారీతో కనుమ ఎక్కిన మొగుడు సగిన్ ఈపాటికి అవతలి లోయలో దిగి ఫోన్ చెయ్యాలి. చెయ్యలేదు.

అప్పుడే లారీ దిగిన తొక్తొసున్ నోట్లో రొట్టె ముక్క ఉంది.

"లేదు వదినా," అన్నాడు.

ఆ ముక్కని టీతో మింగేశాడు. రొట్టె నోట పెట్టుకుని అబద్ధమాడకూడదని చిన్నప్పుడు వాళ్లమ్మ చెంప వాయించి మరీ నేర్పింది.

కనిపించింది. సొరంగం దాటాక పెద్ద మలుపులో, నీలం లారీ, బానెట్ ఎత్తి ఉంది. పక్కనే ఓ మనిషి. తొక్తొసున్ ఆపుదామా వద్దా అనుకుంటూ గడియారం చూసుకున్నాడు. ఆ చూపులోనే చక్రం గోతిలో పడి లారీ ఎగిరిపడింది. గోతిని తిట్టుకుంటూ అద్దంలో చూస్తే, ఆ మనిషి రోడ్డు మధ్యకొచ్చి రెండు చేతులూ ఊపుతూ వెనకాలే పరిగెత్తుకొస్తున్నాడు. ఏదో అరుస్తున్నాడు. వెనకొచ్చేవాడు ఎవడో ఆగుతాడులే అనుకుని తొక్తొసున్ చూపు తిప్పేసుకున్నాడు.

ఆగకపోవడానికి కారణం ఉయ్యాల. కూతురు సైరాకి తొలి కాన్పు. ఉయ్యాల పుట్టింటివాళ్లే తేవాలి. మధ్యాహ్నం నమాజు వేళకి ముసలమ్మలంతా చేరి పసివాణ్ణి అందులో పడుకోబెడతారు. ఊరంతా చూడాలని దాన్ని ఉల్లిపాయల బస్తాల మీద ఎత్తుగా కట్టించాడు. మళ్లీ దిష్టి భయం వేసి టార్పాలిన్ కప్పించాడు.

"ఉయ్యాల తెస్తున్నావటగా. ఓసారి చూపించవూ?" అంది బురుల్చా.

"ఇప్పుడు కాదు వదినా. దిష్టి తగులుద్ది."

"పోనీలే. కప్పి ఉంచావు కదా? ఖాళీ ఉయ్యాల తెరిచి ఉంచకూడదు. ఏదో ఒకటి వచ్చి పడుకుంటుంది."

"కప్పే ఉంచాను."

మూల బల్ల దగ్గర నూడుల్స్ జుర్రుకుంటున్న ముసలి డ్రైవరు ఒర్మోన్ తలెత్తాడు. "ఏరా, కూర్చుని తాగరాదూ? నీ పేరుకి అర్థమే 'ఆగనీ' అని. ముందు పుట్టినవాళ్లు దక్కక, వీడన్నా ఆగనీ అని మీ అమ్మ పెట్టుకుంది. నువ్వేమో టీ కూడా ఒంటికాలి మీద తాగుతావ్."

"వియ్యపురాలి నాలుక నీకు తెలీదు బాబాయ్. అందుకే ఈ పరుగు."

"తెలీకేం. నాకూ ఉంది ఒకత్తె. అయినా నీలాంటి పరుగుగాళ్లని చాలామందిని చూశాన్లే. పైన చెయ్యెత్తినోణ్ణి దాటిపోతే, ఆ దాటిపోయినోడిది ఏదో ఒకటి కొండ తన దగ్గర ఉంచేసుకుంటుంది."

సిగ్గుతో తొక్తొసున్ చెవులు వేడెక్కాయి.

బురుల్చా కిటికీలోంచి కనుమ వైపు చూస్తోంది. పైన మబ్బు కమ్ముకుంటోంది. "ఒకటే ధైర్యం, కోటు తీసుకెళ్లాడు," అంది తనలో తాను అనుకుంటున్నట్టు. "ఊపిరితిత్తులు మంచివి కావు. కోటు లేందే గడప దాటడు."

తొక్తొసున్ గిన్నె కింద పెట్టాడు.

"వదినా... నేను అబద్ధమాడాను. రొట్టె నోట్లో పెట్టుకుని మరీ ఆడాను. పెద్ద మలుపులో ఉన్నాడు సగిన్ అన్న. చెయ్యి ఊపాడు. నేను ఆగలేదు."

ఒర్మోన్ నూడుల్స్ తినడం ఆపేశాడు. బురుల్చా కిటికీ దగ్గర్నుంచి కదిలింది. లోపలికెళ్లి ఫ్లాస్కు నిండా టీ పోసి, రెండు రొట్టెలు గుడ్డలో చుట్టి తెచ్చింది. తిట్టినా బాగుండేది.

క్యాబిన్ ఎక్కి తొక్తొసున్ కూతురికి ఫోన్ చేశాడు. "అమ్మా సైరా, కాస్త ఆలస్యమవుద్ది."

"ఇంకానా! అత్తయ్య అప్పుడే మొదలెట్టింది నాన్నా. మీ నాన్న చెట్టు నరికి అక్కడే ఉయ్యాల చెక్కుతున్నాడా అంటోంది."

"అననీ తల్లీ. ఆవిడ అనే మాట నాకు తగినదే."

లారీ తిప్పి మళ్లీ కనుమ ఎక్కించాడు. దారి పొడుగునా చెవుల్లో ముసలాడి మాట, పక్క సీట్లో బురుల్చా ఇచ్చిన రొట్టెల మూట. ఈ కొండ మీద తన బండి చెడిపోయిన రోజున ముక్కూ మొహం తెలియనివాళ్లు ఎంతమంది ఆగి సాయం చెయ్యలేదు? ఆ రోజు ఎవడైనా గడియారం చూసుకుంటే తన గతేమిటి?

పెద్ద మలుపులో సగిన్ ఒంటి చొక్కాతో నిలబడి వణుకుతున్నాడు. పెదాలు నల్లబడ్డాయి. తొక్తొసున్ కిందికి దూకి తన కోటు విప్పి అతని భుజాల మీద వేశాడు. ఫ్లాస్కు మూతలో టీ పోసి ఇచ్చాడు. మొహం ఎత్తి చూడలేకపోయాడు.

"క్షమించన్నా. నువ్వు చెయ్యి ఊపడం చూశాను. చూసే పోయాను."

"వస్తావని తెలుసు," అన్నాడు సగిన్, టీ ఊదుకుంటూ.

"నా మీద అంత నమ్మకమేంటన్నా నీకు? నేనంత మంచోణ్ణి కాదు."

"మంచోడివో కాదో నాకేం తెలుసు? రాకుండా ఎక్కడికి పోతావ్!" సగిన్ నవ్వబోయి దగ్గాడు. "ఇంజను వేడెక్కితే ఆపాను. అదెప్పుడో చల్లారింది. ఇక్కడ ఫోన్ అందదు. దీన్ని రోడ్డు మీద వదిలేసి వెళ్లలేక నీ కోసమే కాసుకున్నాను."

"దేన్ని? అసలు నీ కోటేదన్నా?"

సగిన్ టీ మూత అతని చేతిలో పెట్టి, పొద్దున తొక్తొసున్ లారీ ఎగిరిపడిన గోతి పక్క బండరాయి చాటుకి నడిచాడు. అక్కడ పరిచి ఉన్న కోటుని మెల్లగా పైకెత్తాడు.

కోటు కింద సైరా ఉయ్యాల ఉంది.