ఇంటిపేరు తెలియని మొక్క

"ఇది రాలింది కాదు. ఎవరో కోశారు," అన్నాడు తమ్ముడు అక్కతో.

పళ్ళు చూసే చిన్న అద్దాన్ని ముళ్ళ మధ్యకి పోనిచ్చి, ఒక కన్ను మూసి చూస్తున్నాడు. పళ్ళ డాక్టరు కదా, ఆదివారం కూడా ఆ అద్దం జేబులోనే ఉంటుంది. మేడ మీద గోడవారగా మనిషెత్తు దాటి స్తంభంలా నిలబడ్డ ఆ కాక్టస్‌కి, ఇన్నేళ్ళలో మొదటిసారి మొగ్గ వచ్చింది. పోయిన ఆదివారానికి బఠాణీ గింజంత. ఈ ఆదివారం ఆ చోట ఎండిన మచ్చ ఒకటి మిగిలింది.

"గాటు నున్నగా ఉంది. పైన పొర కూడా కట్టింది. అంటే ఇవాళ్టి పని కాదు." తమ్ముడు లేచి చేతులు దులుపుకున్నాడు. "వారం మధ్యలో ఈ మేడ ఎక్కిందెవరు? నేనైతే కాదు."

"నన్నంటున్నావా?" అన్నాడు ఆమె భర్త. కళ్ళజోళ్ళ షాపు ఆయనది. మొగ్గని చూద్దామని షాపులోంచి పెద్ద భూతద్దం కూడా తెచ్చుకున్నాడు. అది చేతిలో ఊరికే వేలాడుతోంది.

"మిమ్మల్ని నేనెందుకంటానండీ? మీరు పెద్దవారు."

తమ్ముడు బావని 'మీరు' అన్నాడంటే వ్యవహారం ముదిరినట్టే. వెనకటికి పన్ను గొడవప్పుడూ అంతే. నొప్పి పెట్టే పన్ను వదిలేసి పక్క పన్ను పీకాడని బావ నలుగురిలో నవ్వులాటకి అన్నాడు. "మీ పళ్ళు మీరే పీక్కోండి" అని లేచిపోయిన తమ్ముడు ఏళ్ళ తరబడి ఈ గడప తొక్కలేదు, అక్కతో మాటలన్నీ ఫోన్‌లోనే.

మళ్ళీ తొక్కించింది ఈ మొక్కే. ఎవరో పారేస్తుంటే ఆమె ఇంటికి తెచ్చుకుంది. ఆమెకి జ్వరమొస్తే చూడటానికొచ్చిన తమ్ముడు, వెళ్ళబోతూ దాన్ని చూసి "ట్రైకోసీరియస్" అన్నాడు. బావ వైపు చూడకుండా, గోడకి చెప్పినట్టు. "కాదు, సీరియస్" అన్నాడు బావ, ఆయనా గోడకే. అంతే. ఈ కాక్టస్ ఆ జాతా, ఈ జాతా అని ఆ తర్వాత ప్రతి ఆదివారమూ పంచాయితీయే.

లేతప్పుడు రెండు జాతులూ ఒక్కలాగే ఉంటాయట. కాండం మీది గట్లు లెక్కపెట్టారు, ముళ్ళు కొలిచారు, పుస్తకాలు కొన్నారు. పుస్తకం మారినప్పుడల్లా తమ్ముడు చెప్పే జాతికి ఇంటిపేరు మారిపోయేది. ఒక పుస్తకంలో ట్రైకోసీరియస్ అంటే, ఇంకో దాంట్లో దాన్ని ఎకినాప్సిస్ అనే జాతిలో కలిపేశారు, మరో దాంట్లో మళ్ళీ విడదీశారు. "పెళ్ళి చేసుకున్న నాకే ఒక్కసారి మారింది కదురా ఇంటిపేరు, దీనికెన్నిసార్లు?" అని ఆమె నవ్వేది. చివరికి ఇద్దరూ ఒక్క మాట మీదకొచ్చారు. మొగ్గకి నూగుంటే తమ్ముడి గెలుపు. నున్నగా ఉంటే బావ గెలుపు.

"ఈ మొగ్గతో తేలిపోతుందక్కా. ఇక నా ఆదివారాలు నాకు మిగుల్తాయి," అన్నాడు తమ్ముడు పోయిన వారం, సంబరంగా.

ఇప్పుడు ఆ సంబరం లేదు.

"పిల్లి కొరికిందేమోరా," అంది ఆమె.

"పిల్లి కత్తి పట్టుకోదక్కా."

"పక్కింటావిడ పూలు కోస్తుంది..."

"ఆవిడకి ఇవన్నీ జెముడే. ఒక్క ముల్లు గుచ్చుకుంటే వీధంతా వినపడేలా అరుస్తుంది. అరిచిందా?"

అరవలేదు. ఆమె చేతులు చీర కొంగుకి తుడుచుకుంది. తడేమీ లేదు.

తమ్ముడు మెట్లు దిగి చెప్పులు వేసుకోబోయాడు. ఇద్దరూ వెనకే దిగారు.

"అన్నం వండాను. తిని వెళ్ళరా."

"ఆకలి లేదక్కా. ఓడిపోతామని మొగ్గలు కోసుకునే ఇంట్లో నాకేం పని? నిన్ను చూడాలనిపిస్తే ఫోన్ చేస్తాలే."

మళ్ళీ ఫోన్‌లోకి వెళ్ళిపోతున్నాడు. ఆమె గుమ్మానికి అడ్డం వచ్చింది. "అది కాదురా, నేను చెప్పేది..."

"నువ్వు మధ్యలోకి రాకక్కా."

"ఒరేయ్, ఒక్క నిమిషం నా మాట..."

"నేనే కోశాను," అన్నాడు ఆమె భర్త.

తమ్ముడి కాలు చెప్పు మీదే ఆగిపోయింది.

"పెద్దదవుతోంది. నూగుంటే నా గతేంటనిపించింది. చాకు తీసుకెళ్ళి కోసేశాను."

"నూగుందా?"

"చూడలేదు. కళ్ళజోడు పెట్టుకోలేదు."

"కళ్ళజోళ్ళు అమ్ముకునేవాళ్ళు మీరు."

"పెట్టుకుంటే కనిపిస్తుందని భయం."

తమ్ముడు బావ మొహంలోకి అలాగే చూశాడు. పెదవి వణికింది. ముందు ముక్కులోంచి వచ్చింది నవ్వు, తర్వాత కడుపులోంచి. గోడ పట్టుకుని మరీ నవ్వాడు.

"బావా, నువ్వు... నువ్వు నాకు భయపడ్డావా?"

నువ్వు అన్నాడు. ఆమె ఊపిరి పీల్చుకుంది.

"ఓడిపోలేదుగా ఇంకా. వచ్చే ఏడు మళ్ళీ మొగ్గ వేస్తుంది," అన్నాడు బావ.

"అప్పటిదాకా నిన్ను నమ్మేదెవరు? ఇక ఆదివారాలు చాలవు. బుధవారం క్లినిక్ కట్టేసి వచ్చి చూసిపోతా. అక్కా, కంచాలు పెట్టు. ఆకలి దంచేస్తోంది."

ఇద్దరూ తింటూ పోట్లాడుకున్నారు. తిన్నాక మేడెక్కి గట్ల లెక్క దగ్గర మళ్ళీ పోట్లాడుకున్నారు. పొద్దు వాలాక తమ్ముడు ఈల వేసుకుంటూ వెళ్ళాడు.

ఆమె కంచాలు కడిగి ఇస్తుంటే ఆయన తుడుస్తున్నాడు.

"మీరు చాకు పట్టుకుని మేడెక్కడం నేను చూడలేదే," అంది ఆమె, కుళాయి వైపే చూస్తూ.

"ఎక్కలేదు."

"మరెందుకు ఒప్పుకున్నారు?"

ఆయన ఆఖరి కంచం తుడిచి నెమ్మదిగా పక్కన పెట్టాడు.

"తేలిపోతే వాడు రాడని మొగ్గ కోసింది నువ్వు కాబట్టి."