ముక్కుపుడక, పిడికిలి

సెలవు లేకుండానే బధిరుల హాస్టల్ నుంచి చివ్వెంలకు వచ్చేసిన దీప పొద్దుటి నుంచి అన్నం ముట్టలేదు.

"ఏమైందే బిడ్డా? ఎవలన్న ఏమన్న అన్నరా?" కూతురు పుట్టు చెవిటిదని తెలిసినా, ఏసమ్మ నోటితో అంటూనే చేతులతోనూ అడిగింది.

ఆ చేతిమాటలు ఏసమ్మ కల్పించినవే. మీసం దువ్వితే నాన్న. ముక్కుపుడక తాకితే అమ్మ. సూర్యాపేట బస్టాండులో దొంగచాటుగా మిర్చిబజ్జీ తినిపించినప్పుడల్లా మీసం దువ్వి, పిడికిలి మూసి చూపేది: నాన్నకు చెప్పకు. ఇద్దరూ పడీపడీ నవ్వేవాళ్లు.

దీప ఏమీ లేదన్నట్టు తల ఊపి, హాస్టల్ స్నేహితురాలికి వీడియో కాల్ చేసింది. ఇద్దరి చేతులూ గబగబా ఆడుతున్నాయి. అమ్మ నేర్పిన నాలుగు సైగలకు హాస్టల్ పిల్లలంతా కలిసి ఇంకెన్నో చేర్చుకున్నారు. ఏసమ్మకు ఒక్క ముక్కా అందలేదు.

"జర మెల్లగనే తల్లీ, నాకు సమజ్ కావాలె గద!"

ఫోన్‌లో ఆ పిల్ల ఏడుస్తూ ఏదో అడిగింది.

దీప ముక్కు పక్కన వేలు ఆనించి, పిడికిలి మూసింది. ఏసమ్మను ఎన్నడూ చూడని ఆ పిల్ల కూడా ముక్కు పక్కన వేలు ఆనించి, పిడికిలి మూసింది.

అంతసేపట్లో ఏసమ్మకు అర్థమైన మాట అదొక్కటే.