ఉల్లిపొర స్లైడు

డబ్బాలో ఉల్లిగడ్డలు లేవు. అటెండర్ ఏసయ్య దాన్ని బోర్లించి మరీ చూపించాడు.

ఎటు పోయాయని బాటనీ మేడం మహమూదా బేగం గద్దించింది.

“పొద్దున ఫస్టియర్ పిల్లలు తీస్కపోయిండ్రు మేడం. టియర్ గ్యాస్ కొడితే ముక్కుకాడ పెట్టుకుంటరట, కండ్లు మండయట. తెలంగాణ కోసం అన్నరు. నేనేమంట?”

మేడం తల పట్టుకుంది. ఆ రోజు జగిత్యాల బంద్. దుకాణాలు తెరవలేదు. కాలేజీ గేటు దగ్గర పోలీసులు ఎవరినీ బయటికి పోనివ్వడం లేదు. లోపలేమో ఇంటర్ ప్రాక్టికల్స్. చీటీ తీస్తే పుష్పకు ఉల్లిపొర స్లైడు వచ్చింది. చీటీ మార్చడం కుదరదు. స్లైడు చూపించకపోతే పిల్ల తప్పుతుంది, ఏడాది పోతుంది. బస్సుల్లేవని మల్యాల నుంచి నిన్ననే నడిచి వచ్చిన పిల్ల. పాపం అనిపించింది మేడానికి.

కోరుట్ల నుంచి రావాల్సిన ఎగ్జామినర్ సుదర్శన్ సార్ ఆలస్యంగా వచ్చాడు. బస్టాండ్ దగ్గర గ్యాస్ కొట్టారని చెప్పి, కళ్ల మీద కర్చీఫు పెట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు. మేడం ఏదో చెప్పబోతే ముందు పరీక్ష కానివ్వమన్నాడు.

పుష్ప చేసేది లేక వట్టి గాజుపలక మీద నీటిచుక్క వేసి మైక్రోస్కోప్ కింద పెట్టింది. సార్ కర్చీఫు తీయకుండానే అన్నాడు:

“నాకు కనిపిస్తలేదు బిడ్డా. నువ్వే చూసి చెప్పు.”

పుష్ప కన్ను ఆనించింది. వెలుతురు తప్ప ఏమీ లేదు.

“ఇటుకలు పేర్చినట్టు కణాలున్నయి సార్. దేని గోడ దానికున్నది. నడుమ నీళ్లసంచి లెక్క పెద్ద రిక్తిక. కేంద్రకం ఒక పక్కకు జరిగింది.”

“హరితరేణువులు?”

“లేవు సార్. ఉల్లిగడ్డ భూమిల ఉంటది, ఎండ తగలదు.”

“కణం బతికున్నదని ఎట్ల తెలుస్తది?”

“ఉప్పునీళ్లు పోస్తే లోపలిది గోడను ఇడిసి ముడుసుకుంటది. మంచినీళ్లు పోస్తే మళ్ల నిండుతది. సచ్చిందైతే గట్ల కాదు సార్.”

సార్ తలూపి నిండా మార్కులు వేశాడు. పుష్ప దండం పెట్టి బయటికి ఉరికింది. ఏసయ్య గట్టిగా ఊపిరి వదిలాడు. మేడం మాత్రం తల ఎత్తలేకపోయింది. కళ్లు కడుక్కోవడానికి నీళ్లు తెప్పించనా అని మెల్లగా అడిగింది.

సార్ కర్చీఫు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“నా కండ్లు మంచిగనే ఉన్నయి మేడం. మీ ప్రాక్టికల్స్ డబ్బాల ఆఖరి ఉల్లిగడ్డ మీ పిల్లలు నాకే ఇచ్చిండ్రు.”