మందు లేని సొరకాయ

చర్చిలో కోతపండుగ వేలంలో గుమ్మడికాయలు, కోళ్లు, అరటి గెలలు అయిపోయాక సంఘపెద్ద పేతురు ఒక సొరకాయని చంటిపిల్లని ఎత్తినట్టు రెండు చేతులతో పైకెత్తాడు.

"చూడుండ్రి! దేవానందం సార్ డాబా మీద కాసిన కాయ. మందు చుక్క తగల్లే. పురుగు గాటు సుత లేదు!"

మగవాళ్ల వైపు ముందు వరుసలో దేవానందం మెడ కాస్త పొడుగయింది.

ఆడవాళ్ల వైపు ఆయన భార్య రోసమ్మ చేతిలోంచి పాటల పుస్తకం కిందపడింది.

రైల్వే వర్క్‌షాపులో రిటైరైనప్పటి నుంచి దేవానందానికి ఒకటే ధ్యాస. బజారు కూరలన్నీ విషమేనంటాడు. పెళ్లి భోజనాల్లో కూడా వంకాయని వాసన చూసి పక్కన పెడతాడు. లాలాగూడలో తన డాబా మీదే పందిరి వేశాడు. మొదటి పిందెలన్నీ పురుగు పట్టి రాలిపోతే రెండు రోజులు అన్నం ముట్టలేదు. వేపకషాయం చల్లాడు. పుల్లమజ్జిగ చల్లాడు. చివరికి ప్రతి బుధవారం ప్రార్థన కూటానికి వెళ్లి సొరపాదు కోసం మోకరించాడు. మోకాళ్ల నొప్పులని రోసమ్మ మాత్రం ఇంట్లోనే ఉండిపోయేది.

దేవుడు ఆలకించాడు. ఒక్క కాయ నిలిచింది, నిగనిగలాడుతూ.

"ఇంకో రెండు వారాలు కొయ్యకండి" అని రోసమ్మ మొత్తుకుంటూనే ఉంది. ఆయన వింటేనా? ఆమె లేవకముందే కోసి, మొదటి పంట దేవుడిదని చర్చిలో పెట్టేశాడు.

"యాభై!" అంది మేబెల్. ఆవిడ మనవరాలికి మొదటిసారి కూర తినిపించాలి. మందు లేనిదే పెడతానని పంతం.

"వంద!"

అందరూ తిరిగి చూశారు. లేచి నిలబడింది రోసమ్మే.

"అదేంటి వదినా, మీ ఇంటి కాయని మీరే పాడుకుంటారా?" అంది మేబెల్.

"పాడకూడదని ఎక్కడైనా రాసుందా?"

"నూటయాభై. పసిపిల్ల కోసం వదినా!"

"మూడొందలు."

పేతురు ఓ గ్లాసు నీళ్లు తాగాడు. "రోసమ్మక్కా, జెర సోచాయించు. గిది సొరకాయ. మేకపోతు కాదు."

"ఐదొందలు" అంది రోసమ్మ, తన పాట మీద తనే.

మేబెల్ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "పసిదాని నోటికాడ ముద్ద లాక్కుంటారా?"

వెనక ఎవరో "ఎంత ఆశ తల్లీ!" అన్నారు. పాస్టరమ్మగారు గట్టిగా దగ్గారు. రోసమ్మ తల దించుకుంది గానీ చెయ్యి దించలేదు. మిక్సీ కోసం దాచుకున్న డబ్బు, రుమాలు మూటతో సహా బల్ల మీద పెట్టి, కాయని చంకనెత్తుకుంది.

ఇంటికి వెళ్తుంటే స్కూటరు మీద దేవానందం గాల్లో తేలిపోయాడు. "నా కాయంటే నీకింత ప్రేమని ఇన్నాళ్లూ తెలీదే! ఇవాళ పాలు పోసి వండు. మేబెల్ మనవరాలికీ ఓ గిన్నెడు పంపుదాం."

"అలాగేనండీ" అంది రోసమ్మ.

బ్రిడ్జి దిగుతుంటే వెనక నుంచి సిటీబస్సు వచ్చింది. రోసమ్మ ఒళ్లోంచి సొరకాయ జారిపోయింది. ముందు చక్రాన్ని ఎలాగో తప్పించుకుంది. వెనక చక్రం కింద, మిక్సీ అక్కర్లేకుండానే పచ్చడైపోయింది.

దేవానందం స్కూటరు పక్కకి ఆపి, ఆ పచ్చడి వంక చూస్తూ నిలబడ్డాడు.

"అవి చేతులా, చిల్లుల గరిటెలా?"

రోసమ్మ కొంగు దులుపుకుని మళ్లీ స్కూటరెక్కింది.

మధ్యాహ్నం ఆయన అలిగి, ముసుగు తన్ని పడుకున్నాక, మోకాళ్ల నొప్పుల రోసమ్మ చకచకా డాబా మెట్లెక్కి, పందిరి మూల బోర్లించిన కుండ ఎత్తి, ఆయన ప్రార్థనకి వెళ్లిన ప్రతి బుధవారం తను పాదుకి కొడుతూ వచ్చిన పురుగుమందు సీసాని తీసి కొంగులో దాచుకుంది.