దారికొచ్చిన తుపాకీ

"ఆ తుపాకీ ఎవరిదో తెలిసే బల్ల మీద పెట్టావా అమ్మా?"

"తెలిసే పెట్టాను. తలుపు వెయ్యి, గాలికి తూటాలు దొర్లిపోతున్నాయి," అంది ఓర్ఫా తలెత్తకుండానే.

నెల్డా తలుపు వేసింది, కొండ అవతలికి వినబడేలా. అది క్లెల్ తుపాకీ. కిందటేడు ఉడుతల వేటలో దాని తూటాయే ఆమె తండ్రి వర్జిల్ మెడలో దిగింది. గట్టు మీది వాల్‌నట్ చెట్లు నావంటే నావని పదేళ్ళుగా కొట్టుకుంటున్న ఇద్దరూ ఒకే అడవిలోకి వెళ్తే ఒక్కడే ప్రాణాలతో దిగొచ్చాడు. అనుమానం ఎవరికి రాదు? కానీ క్లెల్ విచారణలో కళ్ళొత్తుకున్నాడు. ఉడుతకే గురిపెట్టాననీ, ఈ పాడు తుపాకీ తూటా ఎటు పోతుందో దేవుడికే ఎరుకనీ అన్నాడు. పోలీసులు దాన్ని కాల్చి చూస్తే యాభై గజాల్లో తూటాలు అన్నం పళ్ళెమంత మేర చెల్లాచెదురుగా పడ్డాయి. గొట్టం మాత్రం అద్దంలా ఉంచుకున్నాడని మెచ్చుకుని, ప్రమాదమని రాసి ఇంటికి పంపేశారు. ఆ రోజు నుంచి నెల్డాకి క్లెల్ పేరు వింటే ఒళ్ళు మండుతుంది.

తుపాకులు బాగుచేసే ఆ కొట్టు వర్జిల్, ఓర్ఫాలిద్దరిదీ. ఇప్పుడు ఓర్ఫా ఒక్కతే నడుపుతోంది.

"సిగ్గులేకుండా వాడే తెచ్చిచ్చాడా?"

"నేనే అడిగి తెచ్చాను. చర్చి తుపాకీ పోటీలో ఈసారి బహుమతి పందితొడ వాడే గెలవాలి."

"నాన్నని చంపినవాడు గెలవాలా?"

"గెలవాలి," అంది ఓర్ఫా.

నెల్డాకి తల్లి చేతిలోంచి ఆ తుపాకీ లాక్కుని వాగులో విసిరేయాలనిపించింది. ఏడాది తిరక్కుండానే ఇంత మెత్తబడిపోవాలా మనిషి?

గురువారం క్లెల్ కొట్టుకొచ్చాడు. కొత్త టోపీ, నోట్లో పుల్ల.

"ఏం పిల్లా, ఇంకా ముఖం ముడుచుకునే ఉన్నావా? మీ అమ్మని చూసి నేర్చుకో. క్షమించడమంటే అదీ."

"నాకు అంత పెద్ద మనసు లేదు. నువ్వు కాలు జారి లోయలో పడితే ఆ పూట పండగ చేసుకుంటా," అంది నెల్డా.

"నెల్డా, నోరు," అంది ఓర్ఫా. తర్వాత క్లెల్ వైపు తిరిగింది. "నువ్వెప్పుడూ వాడే తూటాలు ఏవి?"

"ఎర్ర డబ్బావే. పదేళ్ళుగా ఇంకోటి ముట్టలేదు."

"అయితే అవే పట్రా. వేరేవి పెడితే దానికి నచ్చవు."

శుక్రవారం సాయంత్రం ఓర్ఫా చర్చిలో పాటలకి వెళ్ళగానే నెల్డా కొట్టు తెరిచింది. ఉడుతలు కొట్టే ఈ చిన్న తుపాకుల గుణం ఆ ఇంట్లో పుట్టిన పిల్లకి ఒకరు చెప్పక్కర్లేదు. తూటాకి పూసిన మైనం గొట్టం లోపల పలచగా పట్టి ఉన్నంత సేపే వాటి గురి. శుభ్రంగా తుడిచేస్తే మళ్ళీ ఆ పూత పట్టేదాకా తూటాలు ఇష్టమొచ్చిన చోటికి పోతాయి. నెల్డా గుడ్డకి తుపాకీ గొట్టాలు కడిగే మందు పూసి, గొట్టం తళతళలాడేదాకా కసికొద్దీ తుడిచింది. రేపు ఊరందరి ముందూ వాడి పరువు గంగలో కలవాలి.

ఓర్ఫా రాగానే మందు వాసన పసిగట్టింది. తిట్టలేదు. తుపాకీ తీసుకుని పెరట్లోకి నడిచి, గట్టు కింద గురి కాగితం తగిలించి, క్లెల్ ఇచ్చి వెళ్ళిన ఎర్ర డబ్బా విప్పి కొన్ని తూటాలు కాల్చింది. అన్నీ తలో దిక్కు. కాగితం మీద చిల్లులు అన్నం పళ్ళెమంత మేర పరుచుకున్నాయి.

"సరిగ్గా ఇలాగే," అని గొణుక్కుంది.

తర్వాత ఆ డబ్బాలోవే తీసి, తూటాలన్నీ ఒకే చోట దిగేదాకా ఓపిగ్గా కాలుస్తూ కూర్చుంది.

"నాన్న చూస్తే ఏమనుకుంటాడు?" అంది నెల్డా, ఏడుపు ఆపుకోలేక.

"మీ నాన్నకి నాకంటే బాగా తెలుసు తుపాకుల సంగతి. వెళ్ళి పడుకో."

పొద్దున తల్లి వడ్డించిన వేడి బిస్కెట్ రొట్టెలూ గ్రేవీ నెల్డా ముట్టలేదు.

చర్చి వెనక మైదానంలో ఊరంతా చేరింది. గురి కాగితాల్లో చిల్లులు కొలవడానికి ఓర్ఫా ఈసారి చార్లెస్టన్ పట్నం నుంచి ఒకాయన్ని పిలిపించింది. గడ్డి టోపీ, నెమ్మదైన మనిషి. ఆవిడ చుట్టమేమో అనుకున్నారు. క్లెల్ బల్ల ముందు కూర్చుని ఐదు తూటాలు కాల్చాడు. కాగితం వచ్చింది. ఐదు చిల్లుల్నీ బొటనవేలి గోరంత డైమ్ నాణెం ఒక్కటే కప్పేస్తోంది. జనం చప్పట్లు కొట్టారు. నెల్డా మాత్రం చేతులు జేబుల్లోంచి తియ్యలేదు.

"బాగా కాల్చావు క్లెల్. నేను బాగుచేయబట్టే కదా?" అంది ఓర్ఫా, అందరూ వినేలా.

క్లెల్‌కి పౌరుషం పొడుచుకొచ్చింది.

"నువ్వు బాగుచేశావా? ఒక్క స్క్రూ తిప్పావా దానికి? ప్రమాణం చేసి చెప్పు."

"తిప్పలేదు."

"మరి? నా చేతికొచ్చిన రోజు నుంచీ ఇది ఇంతే. ఎర్ర డబ్బా తూటా వేస్తే, నా కన్ను ఎక్కడుంటే తూటా అక్కడ. ఒక్కనాడూ వెంట్రుకవాసి పక్కకి పోలేదు. ఊరికే పేరు కొట్టేయాలని చూడకు."

జనం నవ్వారు. క్లెల్ పందితొడని చంటిబిడ్డలా భుజానికెత్తుకున్నాడు. ఇక చూడలేక నెల్డా కారు తాళాల కోసం జేబు తడుముకుంది. ఈ తల్లి ముఖం మళ్ళీ చూడకూడదనుకుంది. ఓర్ఫా గడ్డి టోపీ ఆయన వైపు తిరిగింది.

"విన్నారు కదా, డిటెక్టివ్ గారూ?"